సాగర్ నుంచి వాడపల్లి దాకా: కృష్ణ ఒడ్డును ఒక్కరోజులో ఎలా చూడాలి?

మనకు సముద్రం లేదు. నల్గొండ వాళ్లకు ఒడ్డంటే కృష్ణ ఒడ్డే. పైన నాగార్జునసాగర్ డ్యామ్, దాని కాళ్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీ. కిందికి పోతే దామరచర్ల పక్కన 4000 మెగావాట్ల థర్మల్ ప్లాంటు, వాడపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. వీటి మధ్యనే కొండలు, గుళ్లు, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. ఇరవై ఏండ్లుగా ఇంటికొచ్చిన చుట్టాలందరినీ ఈ ఒడ్డు వెంట తిప్పుతున్నాను. గేట్లు ఎత్తారని టీవీలో చూసి ఆదివారం మధ్యాహ్నం బయల్దేరి, సగం రోజు ట్రాఫిక్‌లో నిలబడి, నాలుగు సెల్ఫీలు దిగి వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు రోజు చూసుకోవాల్సినవి

పేపర్లో సాగర్ నీటిమట్టం చూడండి. నిండు మట్టం 590 అడుగులు. 546 అడుగులు దాటితేనే నీళ్లు గేట్లను తాకుతాయి. ఉన్న 26 గేట్లలో ఎన్ని ఎత్తారో, కిందికి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో కూడా అదే వార్తలో ఉంటుంది. గేట్లు ఎత్తి ఉంటే మామూలు రోజున పోవాలి, సెలవు రోజున పోవద్దు. అసలు నన్నడిగితే గేట్లు దించిన వారం తర్వాత పోవాలి. జలాశయం నిండుగా ఉంటుంది, జనం ఉండరు.

సాగర్ నీళ్ల మధ్య దీవి మీదున్న నాగార్జునకొండ మ్యూజియానికి పోయే లాంచీని ఈ ప్రయాణంలో కలపకండి. దానికి వేరే రోజు పెట్టుకోవాలి, అదీ శుక్రవారం కాకుండా. ఆ రోజు మ్యూజియానికి సెలవు.

సద్ది, తాగే నీళ్లు, టోపీ, అడుగున గాళ్లున్న చెప్పులు, ఒక పెద్ద చెంబు. ఇంతే సామాను. చెంబు ఎందుకో కింద చెబుతాను.

పొద్దున: సాగర్

నల్గొండ నుంచైనా మిర్యాలగూడ నుంచైనా హాలియా, పెద్దవూర మీదుగానే దారి. బస్సులున్నాయి. కానీ సొంత బండి ఉండాలి, లేకపోతే సాయంత్రానికి వాడపల్లి చేరలేరు. ఐదింటికే బయల్దేరాలి.

ముందు బుద్ధవనం అనే బౌద్ధ పార్కు. 274 ఎకరాల్లో కట్టి 2022లో తెరిచారు. తలుపులు తీసేసరికి అక్కడ ఉండాలి, ఎందుకంటే మహాస్తూపం దగ్గర చెప్పులు విడిచి నడవాలి. పదకొండు దాటితే బండలు కాలి, జనం శిల్పాలు చూడడం మానేసి నీడ కోసం ఉరుకుతారు. తర్వాత డ్యామ్ కిందున్న బ్రిడ్జి దాకా పోండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన కట్టడం ఇది. అంత ఎత్తు గోడను రాతితోనే కట్టారని చెబితే మా మనవడు నమ్మలేదు. బ్రిడ్జి మీద నిలబెట్టి చూపించాక నోరెళ్లబెట్టాడు. ఎడమ గట్టు నుంచి బయల్దేరే లాల్‌బహదూర్ కాలువే మన మిర్యాలగూడ వరికి, అక్కడి మిల్లులకు ఆధారం.

నీళ్ల దగ్గరికి దిగడం

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. మిగతాదంతా అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఈ ఒక్కటి తప్పితే మనిషి తిరిగిరాడు.

గేట్లు మూసి ఉన్నాయి కదా, కింద నది ఖాళీగా ఉంది కదా అని డ్యామ్ దిగువన బండల మీదికి పోతారు. నీళ్లు గేట్ల నుంచే రావాలని లేదు. కరెంటు తీయడం మొదలుపెడితే గేట్లు మూసి ఉండగానే వేల క్యూసెక్కులు కిందికి వస్తాయి. మోకాలి లోతు ఉన్నచోట చూస్తుండగానే నడుం దాకా లేస్తుంది, మీరు నిలబడ్డ బండ చుట్టూ దారి మూసుకుపోతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది ఇట్లాగే పోయారు. పైన ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు, అంతే. అందుకే డ్యామ్ దిగువన నది మధ్య బండల మీదికి అసలు పోవద్దు. ఎవరో పోయారని మీరు పోవద్దు.

రెండోది కాలువ. చూడడానికి నదికంటే చిన్నది, మెల్లగా పారుతున్నట్టుంటుంది. నిజానికి దానికి పట్టు ఉండదు. రెండు పక్కలా ఏటవాలు సిమెంటు, నీళ్లు తాకిన మేర పచ్చటి పాచి. మా బావమరిది ఒకసారి జారిపడ్డ చెప్పు కోసం ఒక్క అడుగు కిందికేశాడు. రెండో అడుగు ఆయన వేయలేదు, పాచే లాక్కుపోయింది. ఈత వచ్చినవాడే. గోడకు వేళ్లు ఆనించినా జారిపోతున్నాయి. పొలం దగ్గరున్న ఒక పెద్దమనిషి తలగుడ్డ విప్పి విసిరాడు గనుక ఈ రోజు ఉన్నాడు. చెప్పు పోతే పోనియ్యండి. కాళ్లు కడుక్కోవాలంటే గట్టు మీద బోరింగు చూసుకోండి, కాలువ కాదు.

మూడోది పుష్కరఘాట్లు. మెట్లు కనపడితే భయం పోతుంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. పైన తేలిన మెట్టు ఎండి ఉంటుంది. నీళ్లలో మునిగిన మొదటి మెట్టు మీదే పాచి ఎక్కువ. ఆఖరి మెట్టు తర్వాత ఎంత లోతో పైనుంచి తెలియదు. నా పద్ధతి ఇది: ఎండిన మెట్టు మీద కూర్చోండి, చెంబుతో తోడుకుని పోసుకోండి. మునక వేస్తేనే పుణ్యం అని పెద్దవాళ్లు వాదిస్తారు. మా అమ్మకు కూడా చెంబుతోనే పోశాను, తల తడిసిందని సంతోషపడింది. మునగాల్సిందేనంటే గొలుసు ఉన్న ఘాట్‌లో, గొలుసు వదలకుండా, ఒడ్డున ఒక మనిషిని నిలబెట్టి, నడుం లోతుకు మించకుండా. తాగినవాణ్ని బండి దిగనియ్యకండి. పిల్లల చెయ్యి మీరే పట్టుకోండి, అన్నకో అక్కకో అప్పగించకండి. పైలం.

మధ్యాహ్నం

సద్ది విప్పి చెట్టు నీడన తినండి. సాగర్ చేపల ఫ్రై తినాలనుంటే తినండి, కాని పెరుగన్నం మీదే రోజంతా తిరగగలరు. వచ్చిన దారినే హాలియాకు తిరిగొచ్చి నిడమనూరు మీదుగా మిర్యాలగూడ, అక్కడి నుంచి అద్దంకి రోడ్డు. ఫోను మ్యాపు లోపలి రోడ్లు దగ్గరని చూపిస్తుంది, నమ్మకండి. అద్దంకి రోడ్డు మీద లారీలు ఎక్కువ. దామరచర్ల దాటాక సిమెంటు దుమ్ము కూడా ఉంటుంది, బైకు వాళ్లు మూతికి గుడ్డ కట్టుకోవాలి.

చాలామంది వాడపల్లి ముందు, సాగర్ తర్వాత పెట్టుకుంటారు. తప్పు. వాడపల్లి సాయంత్రం చూడాల్సిన ఊరు.

సాయంత్రం: వాడపల్లి

ముందు లక్ష్మీనరసింహస్వామి గుడి. గర్భగుడిలో స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. అది స్వామి ఊపిరి అంటారు భక్తులు. వెనకాల తోసేవాళ్లున్నా సరే, ఒక నిమిషం నిలబడి రెండు దీపాలనూ చూడండి. తర్వాత అగస్త్యేశ్వరుడి దర్శనం చేసుకుని సంగమానికి నడవండి.

అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురుగంతా మోసుకుని మూసీ ఇక్కడిదాకా వస్తుంది. రెండు నీళ్లూ కలిసే చోట నిలబడి రంగు చూడండి, గాలి వాసన చూడండి. ఫ్యాక్టరీ గొట్టాలు ఒక పక్క, గుడి గోపురం ఒక పక్క, మధ్యలో నీళ్ల మీద కొంగలు. పిల్లలకు ఏదీ దాచకుండా ఇవన్నీ చూపించండి. స్నానం మాత్రం ఇక్కడ వద్దు, పొద్దున చెంబుతో పోసుకున్నది చాలు.

పొద్దుగూకే వేళకు పొందుగుల వైపు పోయే బ్రిడ్జి మొదట్లో బండి పక్కకు ఆపి నదిని ఒకసారి చూసుకోండి. బ్రిడ్జి మీద ఆపకండి, లారీలు ఆగవు. చీకటి పడకముందే మిర్యాలగూడ చేరేలా తిరుగు పట్టండి.