కారు మీద గీత: రుద్దే ముందు ఏ పొర దాకా దిగిందో చూడండి

కారుకి పైన మెరిసేది రంగు కాదు, రంగు మీదున్న పారదర్శకమైన పొర, క్లియర్ కోటు. కంపెనీ పెయింటులో దీని మందం దాదాపు 40–50 మైక్రాన్లు, వెంట్రుక కంటే పలచన. గీత పోగొట్టడమంటే దాన్ని పూడ్చడం కాదు, చుట్టూ ఉన్న క్లియర్‌ని గీత అడుగు దాకా అరగదీయడం. అరిగింది మళ్ళీ రాదు. అందుకే రబ్బింగ్ కంపౌండ్ (పెయింటుని సన్నగా అరగదీసే పేస్టు) డబ్బా మూత తీసే ముందు రెండు పరీక్షలు చేయాలి. షాంపూతో కడిగాక గీత మీద నీళ్ళు చల్లి చూడండి. ఆరాక గోరుని గీతకి అడ్డంగా లాగండి.

వేరే రంగు చార పడింది, గోరుకి ఉబ్బెత్తుగా తగులుతోంది

ఇది గీత కాదు, అవతలి బండి పెయింటో గోడ సున్నమో మీ కారుకి అంటుకుంది. బంపర్ మూలల్లో కనిపించేవి చాలావరకు ఇవే. తారు మరకలు తీసే టార్ రిమూవర్‌తో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డని అర నిమిషం అదిమి ఉంచి తుడవండి, మిగిలింది కాస్త కంపౌండ్‌తో పోతుంది. థిన్నర్ జోలికి పోవద్దు. షెడ్డులో మళ్ళీ పెయింటు వేయించిన భాగమైతే ఆ పెయింటే మెత్తబడి ఊడొస్తుంది.

తడిపితే మాయమవుతోంది, గోరు ఆగడం లేదు

గీత క్లియర్‌లోనే ఉంది. ఇంట్లో చేత్తో పోగొట్టగలిగేది ఇదొక్కటే.

బండిని నీడలో పెట్టండి, రేకు చేతికి చల్లగా తగలాలి. ఎండలో కంపౌండ్ నిమిషంలో ఎండి, గడ్డకట్టి కొత్త గీతలు పెడుతుంది. దగ్గర్లో నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగు, డోరు అంచు, బాడీ మడత ఉంటే మాస్కింగ్ టేపు వేయండి. అంచుల దగ్గర పెయింటు పలచగా ఉంటుంది, తొందరగా తెగిపోతుంది. ఫోమ్ ప్యాడ్ మీద శనగగింజంత రబ్బింగ్ కంపౌండ్ తీసుకుని, జానెడు చోటులో ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఒక నిమిషం రుద్దండి. గీత వెంబడే వేలితో రుద్దితే అక్కడ గుంట పడి, పక్కనుంచి చూస్తే అద్దంలో అల లాగా కనిపిస్తుంది.

తుడిచాక అసలు పని ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి చల్లి మళ్ళీ తుడవండి. కంపౌండ్‌లోని నూనె గీతలో నిండి దాన్ని దాచేస్తుంది. ‘రుద్దితే పోయింది, వారానికి మళ్ళీ వచ్చింది’ అనేవాళ్ళ గీత అసలు పోనేలేదు, కడుగుళ్ళకి నూనె పోయి బయటపడింది. మూడు నాలుగు సార్లు చేసినా ఇంకా సన్నగా కనిపిస్తే వదిలేయండి. చివర్లో పాలిష్, ఆపైన వ్యాక్స్.

గుడ్డకి కారు రంగు అంటిందా, అక్కడితో ఆపాలి: క్లియర్ అయిపోయింది. పాత బండ్లలో క్లియర్ లేని సాలిడ్ (మెరుపు రేణువులు లేని) రంగులకి మాత్రం రంగు అంటడం మామూలే. తెల్ల కారుకి ముదురు రంగు గుడ్డ వాడితే రంగు అంటడం తెలుస్తుంది.

టూత్‌పేస్టు చిట్కా మానేయండి. అది పెయింటు కోసం చేసింది కాదు. ముదురు రంగుల మీద మసక మిగులుస్తుంది.

తడిపితే మాయం, కానీ గోరు కాస్త ఆగుతోంది

2500 లేదా 3000 నంబరు వాటర్ పేపర్‌ని (తడిపి వాడే సాండ్‌పేపర్) పావుగంట నానబెట్టి, వెనక మెత్తటి స్పాంజి పెట్టి, షాంపూ నీళ్ళతో పది సార్లకి మించకుండా తేలిగ్గా రుద్దండి. అక్కడ పాలిపోయినట్టు అవుతుంది, కంగారుపడొద్దు. అయితే ఆ మసకని చేత్తో తీయడం చాలా కష్టం, డ్యుయల్ యాక్షన్ పాలిషింగ్ మిషన్ కావాలి. అది లేకపోతే వాటర్ పేపర్ పట్టుకోకండి, డీటెయిలింగ్ షాపుకి ఇవ్వండి.

తడిపినా తెల్లగానో బూడిద రంగుగానో కనిపిస్తోంది

రంగు కింద వేసే ప్రైమర్ పూత దాకా దిగింది. ఎంత రుద్దినా పోదు, చుట్టూ ఉన్న మంచి క్లియర్ పోతుంది. లోపల లోహం మెరుస్తుంటే వానాకాలం రాకముందే మూసేయాలి, లేకపోతే తుప్పు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి అంత తొందర లేదు.

డోర్ పిల్లర్ మీదో బానెట్ కిందో ఉండే ప్లేటులో కలర్ కోడ్ చూసి టచప్ పెయింటు తెప్పించండి. ఆల్కహాల్‌తో తుడిచి, అగ్గిపుల్ల మొనతోనో సన్నటి బ్రష్షుతోనో గీత లోపలికి మాత్రమే పలచగా రెండు మూడు పూతలు వేయండి, మధ్యలో అరగంట ఆరనివ్వండి. పైన క్లియర్. వారం దాకా రుద్దొద్దు. సాలిడ్ తెలుపు బాగానే కలిసిపోతుంది. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో రేణువులు స్ప్రేలో పరుచుకున్నట్టు బ్రష్షుకి పరుచుకోవు, మచ్చ తెలుస్తూనే ఉంటుంది.

ఒక్క గీత కోసం ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసే ముందు మీ నో క్లెయిమ్ బోనస్ చూసుకోండి. క్లెయిమ్ వేయకుండా గడిస్తే ఏటా 20 శాతం నుంచి పెరిగి 50 దాకా వెళ్ళే ప్రీమియం తగ్గింపు అది. ప్యానెల్ పెయింటు ఖర్చు కంటే దాని విలువే ఎక్కువ కావచ్చు.

ఎండలో సాలెగూడు లాంటి సన్న గీతలు బండంతా

పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డతో తుడవడం వల్ల వచ్చినవి. బండి మొత్తం చేత్తో తీసే పని కాదు, మిషన్ పాలిష్ చేయించాలి. ఆ తర్వాతైనా ముందు నీళ్ళు కొట్టి దుమ్ము దించి, షాంపూకొకటి, గుడ్డ జాడించడానికొకటి రెండు బకెట్లు పెట్టమని కడిగే అబ్బాయికి చెప్పండి.