విదేశాలకు గోంగూర: తాలింపు పెట్టకుండా పంపండి

వియత్నాం రాజధాని హనోయిలో ఇంగ్లిష్ చెప్పే మా చెల్లికి క్లాసులన్నీ సాయంత్రాలు, శనాదివారాలే. రాత్రి రూముకి వచ్చాక వండుకునే ఓపిక ఉండదు. కుక్కర్లో ఇంత అన్నం పడేస్తే పక్కన పచ్చడి ఉండాల్సిందే. విజయవాడ నుంచి సీసాలో పంపితే నూనె కారి బట్టలు పాడవుతాయని టెన్షన్.

అందుకే ఇప్పుడు తాలింపు లేని నిలవ ముద్ద పంపుతున్నాం. కాడలు తీసిన ఎర్ర గోంగూర ఆకు కిలో తీసుకుని కడిగి, పాత చీర మీద పరిచి ఫ్యాను కింద రాత్రంతా ఆరబెట్టాలి. బాణలిలో 100 గ్రాముల నువ్వుల నూనె పోసి, సన్నసెగ మీద తడంతా ఇగిరి ముద్ద దగ్గరపడేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడొద్దు, అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. పూర్తిగా చల్లారాక 100 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల గుంటూరు కారం కలపాలి. ముద్దని చిన్న జిప్‌లాక్ కవర్లలో పలచగా నొక్కి, గాలి తీసేసి, ఒక్కోటి ఇంకో కవర్లో పెట్టాలి. చెకిన్ బ్యాగులోనే పెట్టండి. క్యాబిన్ బ్యాగులో ఇలాంటి ముద్దలకి 100 మిల్లీలీటర్ల పరిమితి అడ్డొస్తుంది.

అక్కడ తను వారానికి సరిపడా తీసుకుని ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లితో తాలింపు వేసుకుంటుంది. అప్పుడే పెట్టిన తాలింపు కాబట్టి వాసనే వేరు! టెట్ (వాళ్ల కొత్త సంవత్సరం పండగ) సెలవుల్లో ఊళ్లు తిరగడానికి వెళ్లినా ఒక కవరు వెంట ఉంటుంది.

ముసురు రోజుల్లో మాత్రం ఇది పెట్టకండి. ఆకు సరిగా ఆరదు, తడి మిగిలితే బూజు పట్టేస్తుంది.