బలం చేతిలో ఉంచుకుని చర్చలకు కూర్చోవడం ఎలా

యూనియన్ తరఫున యాజమాన్యంతో మొదటిసారి జీతాల చర్చకు కూర్చున్నప్పుడు, పది నిమిషాలకే "రేపటి నుంచి మెషిన్లు ఆపేస్తాం" అనేశాను. మేనేజర్ ఫైలు మూసి, "ఆపుకోండి" అని లేచి వెళ్లిపోయారు. యూనియన్ నిధి నాలుగు రోజులకు కూడా చాలదని ఆయనకు తెలుసు.

అందుకే ముందు మీ లెక్క మీరు చూసుకోండి. ఒప్పందం కుదరకపోతే ఏం చేస్తారు? ఎన్నాళ్లు నిలబడగలరు? చివరిదాకా వెంట ఉండేది ఎంతమంది? కాగితం మీద రాయండి. అవతలివాళ్లదీ రాయండి: ఏ ఆర్డరు ఎప్పటికి పంపాలి, గోడౌన్‌లో ఎన్ని రోజుల సరుకుంది. మీ పక్క బలహీనంగా ఉంటే చర్చ వాయిదా వేయించి, బలం కూడగట్టుకుని రండి.

రెండోసారి మేం బెదిరించలేదు. సమ్మెపై ముందే ఓటింగ్ పెట్టి, ఫలితం కాగితాన్ని బల్ల మీద ఉంచి, జీతాల లెక్కలతో మాట మొదలుపెట్టాం. ఆ ఓటింగ్ కాగితం గురించి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. మధ్యాహ్నం దాకా మేనేజర్ చూపు దాని మీదికే పోతోంది. సమ్మెకు దిగక తప్పని సందర్భాలూ ఉంటాయి, కాదనను. కానీ దిగాక పౌరుషాలు పెరుగుతాయి, జీతాల సంగతి వెనకబడుతుంది.

అన్నిటికన్నా కష్టం, అవతలివాళ్లు పరువు పోకుండా తగ్గేందుకు దారి వదలడం. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ సలహాదారుల్లో చాలామంది మొదట వైమానిక దాడి చేద్దామన్నారు. ఆయన నౌకాదళంతో సముద్రంలో అడ్డుకట్ట వేయించారు. దాంతో సోవియట్ నేత క్రుశ్చేవ్‌కు ఆలోచించుకునే వ్యవధి దొరికింది. క్షిపణులు వెనక్కి వెళ్లాయి. బదులుగా క్యూబాపై దండెత్తబోమని అమెరికా బహిరంగంగా మాట ఇచ్చింది, టర్కీలోని తన జూపిటర్ క్షిపణులను తీసేస్తామని రహస్యంగా ఒప్పుకుంది.

మేమూ పెంపును రెండు విడతలుగా ఒప్పుకున్నాం. ప్రకటన మేనేజర్ సంతకంతోనే నోటీసు బోర్డు ఎక్కింది. "పేరంతా ఆయనకే పోయింది" అని మావాళ్లు కొందరు అలిగారు. నాకైతే జీతం పెరగడమే కావలసింది.

కుదిరిన రోజే తేదీలతో సహా రాయించుకుని సంతకాలు తీసుకోండి. రెండో విడత ఖాతాల్లో పడేదాకా ఆ ఓటింగ్ కాగితాన్ని మేం ఫైల్లోంచి తీయలేదు.