ఫోన్ కంపెనీల కేసులు చదవడం – నాలుగో పాఠం: క్లెయిముకు చెక్కుబంది

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. తిరుపతి లడ్డూకి ఉన్న హక్కు ఏ రకం: పేటెంటా, డిజైనా, ట్రేడ్‌మార్కా, ఇంకేదైనానా? లీలామహల్ సర్కిల్ దగ్గర మా షాపు వెనక గదిలో సాయంత్రాలు కూర్చునే ఆరుగురు రిపేరు కుర్రాళ్లలో నలుగురు 'పేటెంట్' అని రాశారు. తప్పు. లడ్డూది భౌగోళిక గుర్తింపు. జీఐ ట్యాగ్ అంటారే, అది. 2009లో వచ్చింది. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు తెచ్చుకుని మీ ఇంట్లో అచ్చం అలాంటి లడ్డూనే చేసుకోండి, ఎవరూ అడగరు. దానికి 'తిరుపతి లడ్డూ' అని పేరు పెట్టి అమ్మితేనే గొడవ. ఆ హక్కు పేరుకీ ఊరికీ మధ్య ఉన్న సంబంధం మీద. పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోవచ్చు. పేటెంటు అలా కాదు. కొత్తగా కనిపెట్టినదాని మీదే ఇస్తారు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లకు అయిపోతుంది. తరతరాలుగా పంచుతున్న ప్రసాదం కొత్తది ఎట్లా అవుతుంది?

ఇక ఈ పాఠం. నాలుగు పాఠాల్లో ఏదైనా ఒక్కటే చదవాలంటే ఇదే చదవండి. పేటెంటు కాగితం చేతికొస్తే ఎక్కడ చూడాలి, చూసింది ఎట్లా అర్థం చేసుకోవాలి అన్నదే ఇందులో పని.

ముందు నా తప్పు చెబుతాను. 2012 ఆగస్టు 24న అమెరికాలోని శాన్ హోసే కోర్టులో ఆపిల్ తన ఫోన్‌ను కాపీ కొట్టిందని శామ్‌సంగ్ మీద వేసిన కేసు తీర్పు వచ్చింది. తొమ్మిది మంది జ్యూరీ (అక్కడ తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టే మామూలు జనం), జడ్జి లూసీ కో. శామ్‌సంగ్ 104.9 కోట్ల డాలర్లు కట్టాలన్నారు. మర్నాడు పేపర్లో హెడ్డింగ్ చూసి షాపులో అందరికీ గొప్పగా చెప్పాను: 'రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేయడం ఇకమీద ఆపిల్ సొంతం, మిగతా ఫోన్లలో ఆ ఫీచర్ పోతుంది.' ఎక్కడా పోలేదు. ఏళ్లు గడిచాక ఆ పేటెంటు తెరిచి చదివితే తెలిసింది, నేను చెప్పిన మాట అందులో లేనే లేదు.

పేటెంటు కాగితంలో పేరు, సారాంశం, బొమ్మలు, వివరణ, చివరికి క్లెయిములు ఉంటాయి. పేరు మోసం చేస్తుంది. సారాంశం హద్దు గీయదు. వివరణ పదుల పేజీలు సాగుతుంది, కనిపెట్టినవాళ్లు తమకు తోచిందంతా అందులో రాసుకుంటారు. హక్కు ఎంతవరకో చెప్పేది క్లెయిములే. స్థలం దస్తావేజు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. దస్తావేజులో ఎన్ని పేజీలున్నా, ఎవరి తాత ఎవరికి అమ్మాడో ఎంత రాసినా, మీ స్థలం ఎంతవరకో తేల్చేది చెక్కుబంది: తూర్పు ఫలానావారి ఇల్లు, పడమర రోడ్డు, ఉత్తరం కాలువ. క్లెయిము అంటే పేటెంటుకు చెక్కుబంది.

ఒక్క తేడా ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. క్లెయిములో మాటలు పెరిగేకొద్దీ స్థలం తగ్గుతుంది. 'టచ్‌స్క్రీన్ ఉన్న ఫోన్' అంటే లోకంలోని ఫోన్లన్నీ దాదాపు అందులోకి వస్తాయి. 'టచ్‌స్క్రీన్ ఉండి, వేలు అంచుకు చేరితే ఫలానా పని చేసే ఫోన్' అన్నారంటే చాలా ఫోన్లు బయటికి జారిపోతాయి. పొడుగాటి క్లెయిము చూసి భయపడకండి. నా దృష్టిలో పొడుగాటిదే పేదది.

ఇప్పుడు పని మొదలుపెడదాం. ఆ కేసులోని ఆపిల్ పేటెంటు, నంబర్ 7,469,381, అందులో 19వ క్లెయిము. కోర్టు కాగితాల్లో చివరి మూడంకెలతో '381' అంటారు. వీలైతే చేతిలో ఒక ఐఫోన్ పెట్టుకోండి. కాంటాక్టుల జాబితా తెరిచి వేలితో పైకి తోసుకుంటూ పోండి. ఆఖరి పేరు వచ్చాక కూడా వేలు తీయకుండా ఇంకా తోయండి. జాబితా ఇంకాస్త పైకి లేచి కింద ఖాళీ కనిపిస్తుంది. వేలు తీయండి. జాబితా రబ్బరులా వెనక్కి వచ్చి సరిగ్గా కూర్చుంటుంది.

ఈ రెండు సెకన్ల ఆటనే క్లెయిములో ముక్కలుగా రాశారు. నా మాటల్లో చెబుతాను, లాయరు భాష వదిలేసి. టచ్‌స్క్రీన్, ప్రాసెసర్, మెమరీ, అందులో ప్రోగ్రాము ఉన్న పరికరం, ఇది మొదటి ముక్క. స్క్రీన్ మీద వేలు కదులుతోందని కనిపెట్టడం రెండోది. ఆ కదలికకు తగ్గట్టు కాగితమో జాబితానో ఒక దిక్కుకు జరగడం మూడోది. వేలు ఇంకా స్క్రీన్ మీద ఉండగానే అంచు వచ్చేస్తే, అంచు అవతలి జాగాను చూపించడం నాలుగోది. వేలు తీశాక ఆ జాగా కనిపించకుండా పోయేదాకా జాబితా వెనక్కి జరగడం అయిదోది.

నోట్‌బుక్‌లో ఎడమ పక్క ఈ అయిదూ రాయండి. కుడి పక్క, మీరు పరీక్షించే ఫోన్‌లో ఆ ముక్క ఉంటే 'ఉంది', లేకపోతే 'లేదు'. లాయర్లు దీన్నే క్లెయిం చార్ట్ అంటారు. అయిదుకు అయిదూ 'ఉంది' అయితేనే ఆ ఫోన్ చెక్కుబంది లోపల ఉన్నట్టు. ఒక్క 'లేదు' పడినా బయటే. నాలుగుంటే ఎనభై శాతం నేరం అనే లెక్క ఇక్కడ చెల్లదు. (పూర్తిగా లేకపోయినా దానికి సమానమైనది ఉందని వాదించే దారి ఒకటుంది. అది లాయర్ల కుస్తీ, తర్వాతి పాఠాల్లో చూద్దాం.)

మా సొరుగులో డెడ్ ఫోన్ల మధ్య ఒక పాత శామ్‌సంగ్ ఇంకా ఆన్ అవుతుంది. కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసి ఉండే అద్దం) మూలన పగిలింది గానీ టచ్ పనిచేస్తుంది. కుర్రాళ్లలో చిన్నవాడి చేతికిచ్చి అదే పరీక్ష చేయమన్నాను. వాడు ఆఖరిదాకా తోశాడు. జాబితా ఆగిపోయింది. అంచున నీలి వెలుగు ఒకటి వచ్చి పోయింది.

'ఏం కనిపించింది?'

'ఏం లేదన్నా. బ్లూ లైట్ వచ్చింది, అంతే.'

'ఖాళీ జాగా?'

'రాలేదు.'

'వెనక్కి వచ్చిందా?'

'ముందుకు పోతే కదా అన్నా వెనక్కి వచ్చేది!'

పాఠమంతా వాడి నోట్లోంచే వచ్చేసింది. నాలుగో ముక్క లేదు, అది లేదు కాబట్టి అయిదోదీ లేదు. ఆ నీలి వెలుగు అందం కోసం పెట్టింది కాదు. జాబితా అయిపోయిందని చెప్పాలి, కానీ ఆపిల్ చెక్కుబందిలో కాలు పెట్టకూడదు. అందుకని శామ్‌సంగ్ పక్క సందులోంచి వేసుకున్న దారి అది. పక్కింటి గోడ తగలకుండా మెట్లు తిప్పి కట్టుకున్నట్టు. ఫోన్ కంపెనీల కొట్లాటలో నాకు ముచ్చటగా అనిపించేది ఇదే. తీర్పులు పేపర్లకెక్కుతాయి గానీ, తప్పించుకునే దారులు మన చేతిలోని ఫోన్లోకి వస్తాయి.

ఇప్పుడు నన్ను బోల్తా కొట్టించిన పేటెంటు: 7,844,915, ఎనిమిదో క్లెయిము. పేపర్లు దీన్ని 'పించ్ జూమ్ పేటెంట్' అన్నాయి. ఆ క్లెయిములో 'పించ్' అన్న మాటే లేదు. అందులో గుండెకాయ లాంటి ముక్క ఇది: స్క్రీన్ మీద ఒకే చోట వేలు తగిలితే దాన్ని స్క్రోల్‌గా, రెండు లేక అంతకంటే ఎక్కువ చోట్ల తగిలితే జెశ్చర్‌గా (వేళ్ల సైగగా), రెంటినీ వేరుచేసి గుర్తించడం. స్క్రోల్ అయితే స్క్రీన్ మీద కనిపించేది జరుగుతుంది, జెశ్చర్ అయితే పెద్దదో చిన్నదో అవుతుంది. మ్యాప్ తెరిచి ఒక వేలితో జరపండి, రెండు వేళ్లతో పెద్దది చేయండి. ఆ రెంటి మధ్య ఫోన్ తీసుకునే నిర్ణయం మీద హక్కు అడిగారు, వేళ్లు విడదీయడం మీద కాదు. 'రెండు లేక అంతకంటే ఎక్కువ' అన్న మాట కూడా చూడండి. ఎవరైనా తెలివిగా మూడు వేళ్ల జూమ్ పెట్టినా తప్పించుకోలేరు. క్లెయిములో 'లేక', 'కనీసం', 'అప్పుడు', 'ఉండగానే' లాంటి చిన్న మాటలు కనిపిస్తే పెన్సిల్‌తో సున్నా చుట్టండి. కోట్ల వాదనలు అక్కడే నడుస్తాయి.

డిజైను హక్కు గురించి కొంచెం. ఇది వస్తువు రూపం మీద హక్కు, పనితీరు మీద కాదు. దాంట్లో మాటలు దాదాపు ఉండవు, బొమ్మలే. అమెరికా డిజైను కాగితాల్లో నిండు గీత హక్కులో భాగం, చుక్కల గీత కాదు. ఆ కేసులో ఐఫోన్ ముందు ముఖం, ఐకాన్ల వరసలు డిజైన్లుగా గెలిచాయి. ట్యాబ్లెట్ డిజైను విషయంలో మాత్రం జ్యూరీ శామ్‌సంగ్ వైపే ఉంది. కాబట్టి 'గుండ్రటి మూలలన్నీ ఆపిల్‌వే' అని ఎవరైనా అంటే నమ్మకండి.

పనితీరుకూ రూపానికీ తేడా ఇంకా తేలకపోతే శ్రీకాళహస్తి దాకా వెళ్లి రండి. అక్కడ కలంకారీ పేరుకు తగ్గట్టు కలంతో, చేత్తో గీస్తారు. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెండు గుడ్డలు దూరంగా ఆరేస్తే మా కుర్రాళ్లు ఒకటే అంటారు. 'కలంతో గీయడం' అన్న ముక్క క్లెయిములో ఉందనుకోండి, మచిలీపట్నం గుడ్డ ఎదుట 'లేదు' పడుతుంది. క్లెయిము రూపం మీదే అయితే అచ్చా, కలమా అని ఎవరూ అడగరు. ఇది పోలిక కోసమే. ఆ రెంటికీ నిజంగా ఉన్నవి వేర్వేరు జీఐలు, వాటి మధ్య ఏ కేసూ లేదు.

డబ్బు లెక్క చూడండి, ఎందుకంటే పేపర్లో మొదటి రోజు పడిన అంకె చివరిదాకా నిలవదు. 104.9 కోట్ల డాలర్లలో కొంత భాగం లెక్క తప్పని 2013 మార్చిలో జడ్జి కొట్టేశారు. నవంబరులో రెండో జ్యూరీ ఆ భాగానికి 29 కోట్లు తేల్చింది, మొత్తం సుమారు 93 కోట్లయింది. 2015లో అప్పీలు కోర్టు ఇంకా తగ్గించింది, శామ్‌సంగ్ 54.8 కోట్లు కట్టింది. అందులో డిజైన్ల వాటా 39.9 కోట్ల మీద అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. డిజైను కాపీ కొడితే ఆ వస్తువు మీద వచ్చిన మొత్తం లాభం ఇవ్వాలని అక్కడి చట్టం. వస్తువంటే ఏది? బీరువా తలుపు మీది పువ్వు కాపీ కొడితే బీరువా లాభమంతా ఇవ్వాలా, తలుపు వరకా? అమ్మే వస్తువు మొత్తమే కానక్కర్లేదు, అందులో ఒక భాగమైనా కావచ్చని 2016 డిసెంబరు 6న ఎనిమిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద చెప్పారు. శామ్‌సంగ్‌కు పండగ అనుకున్నారు అందరూ. 2018 మేలో కొత్త జ్యూరీ కూర్చుని 53.9 కోట్లు వేసింది, దాదాపు అంతా డిజైన్లకే! ముందున్న 39.9 కంటే ఎక్కువ. జూన్‌లో ఇద్దరూ రాజీపడ్డారు, ఎంతకో చెప్పలేదు. కేసు వేసింది 2011 ఏప్రిల్‌లో. ఇంత కొట్టుకుంటున్న రోజుల్లోనూ ఐఫోన్ 4 బోర్డు మీది ఏ4 ప్రాసెసర్ శామ్‌సంగ్ ఫ్యాక్టరీలో తయారైందే. బోర్డు విప్పినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

మన దేశం సంగతి. 'కంప్యూటర్ ప్రోగ్రాము కేవలం ప్రోగ్రాముగా' పేటెంటుకు పనికిరాదని మన 1970 చట్టం మూడో సెక్షన్‌లో ఉంది. అందువల్ల 381 లాంటివి ఇక్కడ అంత సులువు కాదు. మన కోర్టుల్లో పెద్ద గొడవలు ఎక్కువగా నెట్‌వర్క్ పేటెంట్ల మీదే, అంటే ఫోన్ టవర్‌తో మాట్లాడే పద్ధతుల మీదే నడిచాయి. 2014 డిసెంబరులో స్వీడన్ టెలికాం కంపెనీ ఎరిక్సన్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు షావోమీ ఫోన్ల అమ్మకాలు ఆపేసింది. కొద్ది రోజులకే క్వాల్‌కామ్ కంపెనీ చిప్ ఉన్నవాటికి మాత్రం అనుమతిచ్చింది. ఆ మరుసటి ఏడే మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు తయారవడం మొదలైంది. 2024 మార్చిలో అదే హైకోర్టు, లావా కంపెనీ ఎరిక్సన్‌కు 244 కోట్ల రూపాయలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. చిప్‌ని బట్టి ఫోన్ తలరాత మారడం ఏమిటో అయిదో పాఠంలో విప్పుదాం.

క్లెయిములు చదవడానికి డబ్బులక్కర్లేదు. అమెరికా పేటెంటు నంబరు గూగుల్ పేటెంట్స్‌లో కొడితే కాగితం వస్తుంది, క్లెయిములు విడిగా కనిపిస్తాయి. మన పేటెంట్లకు పేటెంటు ఆఫీసు సైటులో ఇన్‌పాస్ అనే వెతుకులాట ఉంది. మన రాష్ట్రం చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది.

ఇంటిపని. ఆపిల్ పేటెంటు నంబర్ 8,046,721, ఎనిమిదో క్లెయిము. లాక్ తెరవడం గురించి. ఇది ఏడో క్లెయిము మీద ఆనుకుని రాసింది కాబట్టి రెండూ కలిపి చదవాలి. నా మాటల్లో: ముందే అనుకున్న చోట ఉన్న అన్‌లాక్ బొమ్మ మీద వేలు తగలడం, వేలు ఎత్తకుండా కదుపుతుంటే ఆ బొమ్మ వేలితోపాటే జరగడం, బొమ్మ ఫలానా చోటికి చేరితే ఫోన్ తెరుచుకోవడం, ఎటు జరపాలో కంటికి తెలిసే గుర్తు ఉండడం. మీ ఇంట్లో దొరికే రెండు ఫోన్లు తీసుకోండి, వీలైతే ఒకటి బాగా పాతది. పట్టిక గీసి 'ఉంది', 'లేదు' నింపండి. లాక్ తీసేటప్పుడు వేలు ఎక్కడ పెట్టారో మాత్రం జాగ్రత్తగా చూడండి. మా చిన్నవాడు తన ఫోన్ స్క్రీన్ నడిమధ్యన వేలు పెట్టి పైకి ఒక్క తోపు తోసి, 'తెరుచుకుందన్నా, ఆపిల్ కేసు పెడతాదా?' అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు, పట్టిక గీయమన్నాను.