ఫోన్‌లో ఫొటోలు కేబుల్ లేకుండా కంప్యూటర్‌లోకి పంపుకోవడం ఎలా?

మా పెదనాన్న షష్టిపూర్తి ఫొటోల్లో ఒకదాన్ని పెద్దది చేయించి గోడకు పెట్టుకుందామని స్టూడియోకు తీసుకెళ్లాం. పెద్దమ్మ ఆయన మెడలో దండ వేస్తున్న ఫొటో. ఫోన్‌లో చూస్తే అద్దంలా ఉంది. స్టూడియో ఆయన కంప్యూటర్‌లో తెరిచి, జూమ్ చేసి, "ఒరిజినల్ ఉందా అండీ? దీన్ని పెద్దది చేస్తే మొహాలు అలికేసినట్టు వస్తాయి" అన్నారు. సైజు చూపించారు: 190 కేబీ. ఆ ఫోన్‌తో తీసిన ఫొటో మామూలుగా 4 ఎంబీ పైనే ఉంటుంది. చాట్ యాప్‌లో ఒకరి నుంచి ఒకరికి చేరేసరికి అంతగా కుదించుకుపోయింది. తీసిన ఫోన్‌ను అప్పటికే రీసెట్ చేసేశాం. ఒరిజినల్ ఇక లేదు.

అప్పటి నుంచి మా బంధువుల ఇళ్లలో ఎవరు కొత్త ఫోన్ కొన్నా, ముందు వాళ్ల కంప్యూటర్‌కూ ఫోన్‌కూ మధ్య వైర్‌లెస్ షేరింగ్ సెట్ చేసి పెడుతున్నాను. పావుగంట పని. ఫొటో, వీడియో, పీడీఎఫ్ ఏదైనా ఉన్నది ఉన్నట్టుగా వెళ్తుంది. ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు.

ఇది ఎలా పనిచేస్తుంది?

ఈ ఒక్క సంగతి తెలిస్తే తర్వాత వచ్చే ఇబ్బందుల్లో సగం మీరే సరిచేసుకుంటారు. దగ్గర్లో ఏ పరికరం ఉందో వెతికి పట్టుకునేది బ్లూటూత్. ఫైల్‌ను మోసుకెళ్లేది వైఫై. అందుకే రెండూ ఆన్‌లో ఉండాలి. ఒక్క బ్లూటూత్‌తోనే పంపితే సెకనుకు సుమారు 2 మెగాబిట్ల కంటే వేగం రాదు, అంటే 1 జీబీ వీడియోకు గంట దాటిపోతుంది. అదే వైఫై మీద అయితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ఒకప్పుడు మనందరి ఫోన్లలో ఫైళ్లు పంపుకోవడానికి షేర్ఇట్, జెండర్ అనే యాప్‌లు ఉండేవి. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో గూగుల్ 'నియర్‌బై షేర్' తెచ్చింది, 2023లో విండోస్‌కూ ఇచ్చింది. 2024 జనవరిలో దాన్ని శాంసంగ్ వాళ్ల 'క్విక్ షేర్'తో కలిపి, ఆ పేరే పెట్టారు. పాత పేర్ల మీద ఇప్పటికీ ఎక్కడెక్కడో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) దొరుకుతున్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్విక్ షేర్ ముందే ఉంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ కంప్యూటర్

ఎక్కువ ఇళ్లలో ఉండే జోడీ ఇదే కాబట్టి దీన్నే వివరంగా చెబుతాను. కంప్యూటర్‌లో విండోస్ 10 లేదా 11, అదీ 64 బిట్ ఉండాలి.

1. ముందు కంప్యూటర్‌లో బ్లూటూత్ ఉందో లేదో చూడండి. ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఉండదు. సెట్టింగ్స్‌లో 'బ్లూటూత్ అండ్ డివైసెస్' (విండోస్ 10లో 'డివైసెస్') తెరిస్తే ఆన్ చేసే మీట కనిపించాలి. అది లేకపోతే టెన్షన్ పడకండి, కింద ఇంకో దారి చెప్పాను.

2. క్విక్ షేర్ విండోస్ యాప్‌ను ఆండ్రాయిడ్ అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఇదే పేరుతో శాంసంగ్ యాప్ కూడా ఉంది. అది వేరు, ఇది వేరు.

3. తెరవగానే గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవమంటుంది. కంప్యూటర్ మీదే అయితే ఫోన్‌లో ఉన్న అకౌంట్‌తోనే అవ్వండి. అప్పుడు మీ ఫోన్ నుంచి మీ కంప్యూటర్‌కు పంపిన ప్రతిసారీ 'యాక్సెప్ట్' నొక్కాల్సిన పని ఉండదు. ఆఫీసు కంప్యూటరో, నలుగురూ వాడేదో అయితే అకౌంట్ లేకుండానే వాడుకోండి.

4. పరికరం పేరు అడుగుతుంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఫోన్ నంబర్ పెట్టకండి. చుట్టుపక్కల వాళ్ల తెర మీద కనిపించేది ఈ పేరే. 'హాల్ కంప్యూటర్' లాంటిది చాలు.

5. మీకు ఎవరు పంపొచ్చో ఎంచుకోండి. నా సలహా: 'యువర్ డివైసెస్' (మీ అకౌంట్ ఉన్న పరికరాలు మాత్రమే) పెట్టేయండి. చుట్టాలు ఫొటోలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు 'ఎవ్రీవన్' పెట్టి, పని అవగానే వెనక్కి మార్చండి. రైల్లోనో, ఆస్పత్రి వెయిటింగ్ హాల్లోనో మీ కంప్యూటర్ అందరికీ కనిపించాల్సిన అవసరం లేదు.

ఇక ఫోన్‌లో. పై నుంచి కిందికి లాగితే వచ్చే మీటల్లో క్విక్ షేర్ ఉంటుంది. దొరకకపోతే సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతికే పెట్టెలో ఆ పేరు కొట్టండి. ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది కాబట్టి వెతకడమే తేలిక.

పంపేటప్పుడు ఫోన్, కంప్యూటర్ ఒకే గదిలో, 5 మీటర్ల లోపు ఉండాలి. గ్యాలరీలో ఫొటోలు ఎంచుకుని 'షేర్' నొక్కి, క్విక్ షేర్ తీసుకుంటే కంప్యూటర్ పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కండి. వేరేవాళ్ల పరికరమైతే రెండు తెరల మీదా ఒకే పిన్ వస్తుంది. పంపేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఆ అంకెలు పైకి చదువుకుని, సరిపోయాకే ఒప్పుకోండి. ఫైళ్లు కంప్యూటర్‌లోని 'డౌన్‌లోడ్స్' ఫోల్డర్‌లోకి చేరతాయి.

కంప్యూటర్ నుంచి ఫోన్‌కు పంపాలంటే ఫైల్‌ను లాగి క్విక్ షేర్ విండోలో వదిలేయడమే. ఫోల్డర్ మొత్తం కూడా వెళ్తుంది. ఆ సమయంలో ఫోన్ తెర వెలిగి ఉండేలా చూసుకోండి.

తెలియని పరికరం నుంచి ఏదైనా వస్తే డిక్లైన్ చేయండి. పెళ్లి పత్రిక పేరుతో ఏపీకే ఫైల్ పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు మనవైపు చాలా జరిగాయి. పెళ్లి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకేగా ఎప్పుడూ రాదు.

బ్లూటూత్ లేని డెస్క్‌టాప్, ఐఫోన్, లైనక్స్ ఉంటే

ఇక్కడ నాకు బాగా నచ్చిన యాప్ లోకల్‌సెండ్. ఉచితం, ప్రకటనలు ఉండవు, అకౌంట్ అడగదు, కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. విండోస్, మ్యాక్, లైనక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటికీ ఉంది. దీనికి బ్లూటూత్ అక్కర్లేదు. రెండు పరికరాలూ ఒకే రౌటర్‌కు కలిసి ఉంటే చాలు. డెస్క్‌టాప్ కేబుల్‌తో, ఫోన్ వైఫైతో కలిసి ఉన్నా పనిచేస్తుంది.

రెండింట్లోనూ యాప్ తెరిచి ఉంచండి. పంపే దాంట్లో 'సెండ్' నొక్కి ఫైళ్లు ఎంచుకుంటే కింద రెండో పరికరం పేరు వస్తుంది. పండ్ల పేర్లతో తమాషాగా ఒక పేరు అదే పెట్టుకుంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు. పేరు మీద నొక్కండి, అవతల ఒప్పుకుంటే బదిలీ మొదలు.

పేరు కనిపించకపోతే ఎక్కువసార్లు కారణం విండోస్ ఫైర్‌వాల్. కొత్త వైఫైని విండోస్ 'పబ్లిక్ నెట్‌వర్క్' కింద జమకట్టి, పక్క పరికరాలకు తలుపు మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, వైఫై, మీ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'ప్రైవేట్'గా మార్చండి. ఇంట్లో మాత్రమే ఇలా చేయాలి, హోటల్లోనో కాఫీ షాపులోనో వద్దు. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ఇవ్వండి. ఐఫోన్‌లో 'లోకల్ నెట్‌వర్క్' అనుమతి ఇవ్వకపోతే ఎంత వెతికినా ఏదీ దొరకదు. చాలామంది తొందరలో దాన్నే 'డోంట్ అలో' కొట్టేస్తారు.

హాస్టల్, పీజీ వైఫైల సంగతి వేరు. అక్కడ ఒక పరికరం ఇంకోదానికి కనబడకుండా రౌటర్‌లోనే అడ్డుకట్ట వేసి ఉంచుతారు. అలాంటప్పుడు ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి, ల్యాప్‌టాప్‌ను దానికి కలపండి. ఫైల్ ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా వెళ్తుంది కాబట్టి నెట్ బ్యాలెన్స్ తగ్గదు. ల్యాప్‌టాప్ మాత్రం సందు దొరికింది కదా అని అప్‌డేట్లు దించుకోవచ్చు, అందుకని ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి పెట్టండి.

ఐఫోన్, మ్యాక్ రెండూ ఉన్నవాళ్లకు ఎయిర్‌డ్రాప్ ఉండనే ఉంది. రెండు విండోస్ ల్యాప్‌టాప్‌ల మధ్య అయితే సెట్టింగ్స్‌లో, 'సిస్టమ్' కింద 'నియర్‌బై షేరింగ్' ఆన్ చేసుకుంటే చాలు, ఏ యాప్ అక్కర్లేదు.

ఫోన్‌లోంచి తీసేసే ముందు

దయచేసి ఇది వదిలేయకండి. కంప్యూటర్‌లో వచ్చిన ఫొటో మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్'లో సైజు చూడండి. ఫోన్‌లో అదే ఫొటో వివరాల్లో ఉన్న సైజుతో సరిపోవాలి. ఎన్ని పంపారో, ఎన్ని చేరాయో లెక్క చూడండి. వీడియోలైతే మధ్యలో ఒకచోట, చివర ఒకచోట ఆడించి చూడండి.

కొన్ని ఫొటోలు ఫోన్‌లో కనిపిస్తాయి కానీ ఫోన్‌లో ఉండవు. జాగా కోసం ఫోన్ అసలు ఫొటోను క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లోని మీ ఖాతాలోకి పంపి, ఇక్కడ చిన్న నకలు ఉంచుతుంది. వాటిని ముందు ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని ఆ తర్వాత పంపండి. ఫొటో వచ్చినా కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే, ఫైల్ పేరు చివర హెచ్ఈఐసీ అని ఉందేమో చూడండి. ఫొటో పాడవలేదు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో 'హీఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్' వేసుకుంటే సాధారణంగా తెరుచుకుంటుంది.

స్టూడియోకు ఇవ్వడానికి పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నారా? అది ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే 4 జీబీ దాటిన వీడియోను తీసుకోదు. అందులో ఉన్నవన్నీ ముందు వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, అప్పుడు కాపీ చేయండి. మా పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు ఈసారి ఇలాగే ఇచ్చాం. స్టూడియో ఆయన ఒకటి తెరిచి, ఓణీ అంచు జరీ పోగులు కనిపించేదాకా జూమ్ చేసి, "ఏ సైజు వేయమంటారండీ?" అని అడిగారు.