గుంటగలగర నూనె మా ఇంట్లో ఇలా కాస్తాం

మా కోనసీమలో వానలు పడ్డాక పంటబోదెల పక్కన ఎక్కడ చూసినా గుంటగలగరే. బుల్లి తెల్లపూలు, ఎదురెదురుగా ఆకులు, తడిమితే గరుకు. గడ్డిచామంతితో పొరబడకండి. దాని పువ్వు మధ్యలో పసుపుగా, పొడవాటి కాడ మీద ఉంటుంది. అనుమానమొస్తే మా అమ్మమ్మలా చేయండి: లేత కాడ తుంచి అరచేతిలో నలిపి కాసేపు ఆగండి. గుంటగలగరైతే పచ్చటి పసరు చూస్తుండగానే నల్లబడుతుంది. పురుగుమందు కొట్టిన చేల గట్ల మీది మొక్క మాత్రం వద్దే వద్దు.

పూత మీదున్న మొక్కలు పీకి, మట్టి పోయేదాకా కడిగి, నీడన తడి ఆరనివ్వండి. రోట్లో దంచి నూలు గుడ్డలో పిండాలి. నాలుగు గ్లాసుల పసరుకు ఒక గ్లాసు నువ్వులనూనె, ఇదే మా కొలత. మిక్సీలో వేస్తే కాసిని నీళ్ళు తప్పవు, అవి ఇగరడానికి ఇంకాస్త సేపు పడుతుంది.

రెండూ కలిపి ఇనుప మూకుట్లో సన్నసెగ మీద పెట్టండి. పొంగుతుంది కాబట్టి మూకుడు సగానికి మించి నిండకూడదు. నేనొకసారి తొందరపడి మంట పెంచితే అడుగు మాడి, నూనెంతా కమురు వాసన కొట్టింది. మొత్తం పారబోశాను. చిటపటలు సద్దుమణిగాక అడుగున చేరిన ముద్ద కొంచెం తీసి, చల్లారాక వేళ్ళ మధ్య నులమండి. ఒత్తిలా సాగాలి. దాన్ని పుల్లకు అంటించి దీపం మంటకు చూపిస్తే చప్పుడు లేకుండా కాలాలి. చిటచిటమంటే ఇంకా తడి ఉన్నట్టే, అలాంటి నూనె సీసాలో నిలవదు.

చల్లారాక వడకట్టి, పొడి గాజుసీసాలో పోసుకుని, తలంటుకు గంట ముందు కుదుళ్ళకు పట్టించండి. మొదటిసారి మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. చామంతి పడనివాళ్ళకు ఇదీ దద్దుర్లు తేవచ్చు, రెండూ ఒకే కుటుంబం.

దీనితో నా జుట్టు మెత్తగా ఉంటోంది, అంతవరకే చెప్పగలను. కుచ్చులుగా ఊడుతుంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. కామెర్లకు ఈ పసరు తాగించేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మూకుడు అడుగున మిగిలిన నల్లటి ముద్ద పారేయకండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే మా అమ్మమ్మ నా పాపిట వెంట దాన్ని రాసి, సీకాయతో తలంటేది.