ఏపీఎల్ నేర్చుకుందాం – 4వ పాఠం: లెక్క మధ్యలో తొంగి చూడటం

ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష కుడి నుంచి ఎడమకి లెక్క కడుతుందనీ, కూడిక కంటే గుణకారం ముందనే నియమం అందులో లేదనీ పోయిన పాఠంలో చెప్పుకున్నాం. అది మర్చిపోతే ఏమవుతుందో చూద్దాం.

పలాస నుంచి 180, 240, 320 గ్రేడుల జీడిపప్పు తెప్పించాం (నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ). కిలో 900, 850, 700 అనుకుందాం. కొన్నది 2, 3, 5 కిలోలు. మొత్తం మీద వంద తగ్గించారు. (+/ అంటే వరసలోని అంకెలన్నీ కూడమని.)

+/900 850 700×2 3 5-100
¯237150

అంకె ముందు పైన ఉన్న గీత మైనస్ గుర్తు. రావాల్సింది 7750. ఇలాంటప్పుడు చాలామంది లైనంతా చెరిపి మళ్లీ రాస్తారు. వద్దు. అనుమానం ఉన్నచోట ⎕← పెట్టండి.

+/900 850 700×⎕←2 3 5-100
¯98 ¯97 ¯95
¯237150

చూశారా, వంద పోయింది డబ్బులోంచి కాదు, కిలోల్లోంచి! (+/900 850 700×2 3 5)-100 అని రాస్తే సరిపోతుంది.

⎕ పేరు క్వాడ్. దానికి ఇచ్చిన విలువ తెరమీద పడుతుంది, అదే విలువ ఎడమవైపు లెక్కకీ వెళ్తుంది. అందుకే లైను మధ్యలో పెట్టినా, తర్వాత తీసేసినా జవాబు మారదు. ఈ భాషలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అయితే తెరమీద కనిపించినదాన్ని అలాగే నమ్మకండి. 42, '42' రెండూ 42 గానే కనిపిస్తాయి. మొదటిది సంఖ్య, రెండోది రెండు అక్షరాలు. విజయనగరంలో ఓ కొట్టు స్టాకు లెక్కలు రాస్తూ నేను ఒక పూటంతా ఇక్కడే చిక్కుకున్నాను. కూడబోతే డొమైన్ ఎర్రర్ (ఈ రకం విలువతో ఆ లెక్క కుదరదని), తెరమీద చూస్తే అన్నీ అంకెలే. అప్పుడు ⍴ పెట్టి ఆకారం అడగాలి. ⍴'42' అంటే 2 వస్తుంది. ⍴42 అంటే ఖాళీ లైను వస్తుంది, ఒంటరి సంఖ్యకి పొడవు ఉండదు కాబట్టి.

ఫంక్షన్ నడుస్తుండగా ఎర్రర్ వస్తే టెన్షన్ పడకండి. డయలాగ్ ఏపీఎల్ (ఏపీఎల్ నడిపే సాఫ్ట్‌వేర్లలో ఒకటి) ఆ లైను దగ్గరే ఆగి ఉంటుంది. లోపలి పేర్లు టైప్ చేస్తే అప్పటి విలువలు చూపిస్తుంది. చూడటం అయ్యాక → ఒక్కటే కొట్టి బయటికి రండి.

ఈసారి అభ్యాసం: 7 అన్నా, ముందు కామా పెట్టి ,7 అన్నా 7 గానే కనిపిస్తాయి. వాటి తేడా ⍴ తో పట్టండి. వచ్చే పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.